అన్నీ వీక్ చేసినా మెమరీ ఎందుకు తగ్గలేదంటే

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు. ముందు నీ సమస్య నాకు అర్థమైనట్టు మళ్ళీ చెబుతాను, తేడా ఉంటే సరిచెయ్యి.

రాయగడలో ఒక హోల్‌సేల్ కొట్టుకి జావా స్వింగ్‌లో (తెరలు కట్టే జావా లైబ్రరీ) బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాశావు. ఒడిశా పార్టీలకి ఒడియాలో, పార్వతీపురం, బొబ్బిలి పార్టీలకి తెలుగులో బిల్లు రావాలి. కొట్లో కంప్యూటర్ రాత్రి కూడా ఆపరు. హీప్‌కి, అంటే ప్రోగ్రాం ఆబ్జెక్టులన్నీ ఉండే మెమరీకి, 512 ఎంబీ ఇచ్చావు. మూడు నాలుగు రోజులకి అవుట్ ఆఫ్ మెమరీ వచ్చి పడిపోతోంది. మీ సీనియర్ "క్యాషులూ లిజనర్లూ అన్నీ వీక్ చేసెయ్" అన్నాడు, చేశావు. (క్యాషు అంటే మళ్ళీ మళ్ళీ కావాల్సినవి దాచుకునే చోటు, లిజనర్ అంటే ఏదైనా మారితే కబురందుకునే కోడ్. వీక్ అంటే ఏమిటో కింద చెబుతాను.) ఇప్పుడు మెమరీ పెరగడం ఆగలేదు, క్యాషులో పెట్టినవి కొన్ని నిమిషం తిరక్కుండా మాయమవుతున్నాయి, స్టాక్ చూపించే తెర అప్పుడప్పుడూ కదలడం మానేస్తోంది. దాని మీద పది నిమిషాలకోసారి సిస్టమ్ డాట్ జీసీ పిలిచే, అంటే అక్కర్లేని ఆబ్జెక్టులని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్‌ని (జీసీ) లేపే, థ్రెడ్ ఒకటి వెనకాల విడిగా నడిచేలా పెట్టావు. తప్పు వీక్ రిఫరెన్స్‌దా, గార్బేజ్ కలెక్టర్‌దా అని అడిగావు.

రెండిటిదీ కాదు. ఏ ఆబ్జెక్ట్ ఎవరి సొత్తో తేల్చుకోకుండా అందరి చేతా పట్టు వదిలించావు. కొన్నిచోట్ల వదలాల్సినవాడు వదల్లేదు, కొన్నిచోట్ల పట్టుకోవాల్సినవాడే వదిలేశాడు. నువ్వు చెప్పిన మూడు లక్షణాలూ దీన్నుంచే వచ్చాయి.

నేను పర్లాకిమిడిలో ఉంటాను. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడిన ఊరు కాబట్టి "బలహీన నిర్దేశం" లాంటి మాటలు రాసి ఆయన్ని బాధపెట్టను. వీక్ రిఫరెన్స్ అనే అంటాను.

మా ఊరికి ఏరు దాటితే పాతపట్నం. అక్కడ పండగ రోజున శ్రీకాకుళం బస్సు వస్తే జనం ఏం చేస్తారో నీకు తెలుసు. బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తారు. తువ్వాలు ఉన్నంతసేపూ ఆ సీటు ఖాళీ కాదు, మనిషి ఉన్నా లేకపోయినా. అది స్ట్రాంగ్ రిఫరెన్స్. నువ్వు మామూలుగా రాసే ప్రతి వేరియబులూ, ప్రతి ఫీల్డూ ఒక తువ్వాలే. మెమరీ లీక్ అంటే మనిషి మధ్యలోనే దిగిపోయాడు, తువ్వాలు సీటు మీదే ఉండిపోయింది. వీక్ రిఫరెన్స్ అంటే కింద నిలబడి "పద్నాలుగో సీట్లో మా బావ ఉన్నాడు" అని గుర్తుపెట్టుకోవడం. కావాలంటే వెళ్ళి బావని పలకరించవచ్చు. కానీ నీ గుర్తు సీటుని ఆపదు. బావ దిగిపోతే అక్కడ ఎవరూ ఉండరు, గెట్ పిలిస్తే, అంటే ఆ ఆబ్జెక్టుని అడిగితే, నల్ (ఏమీ లేదు) అని వస్తుంది.

ఈ పోలికలో ఒక చిక్కుంది, దాన్ని ఇప్పుడే చెప్పేస్తాను. జావాలో కలెక్టర్ ఒక్కో సీటు దగ్గరికీ వెళ్ళి తువ్వాలు ఉందా లేదా అని చూడదు. డ్రైవరు దగ్గర మొదలుపెడుతుంది. నడుస్తున్న థ్రెడ్ల లోకల్ వేరియబుల్స్, స్టాటిక్ ఫీల్డులు (క్లాసుతో పాటే ఉండిపోయేవి), నేటివ్ కోడ్ పట్టుకున్నవి, వీటిని రూట్లు అంటారు. రూట్ల నుంచి స్ట్రాంగ్ దారిలో నడుచుకుంటూ ఎక్కడిదాకా చేరగలిగితే అవన్నీ బతికున్నట్టు. చేరలేనివి చెత్త. అందుకే రెండు ఆబ్జెక్టులు "నీకోసం నేను, నాకోసం నువ్వు" అని ఒకదాని మీద ఒకటి తువ్వాళ్ళు వేసుకున్నా జావాకి లెక్కలేదు, బయటి నుంచి దారి లేకపోతే రెండూ పోతాయి. తువ్వాళ్ళు లెక్కపెట్టే పద్ధతి వేరే ఉంది, రిఫరెన్స్ కౌంటింగ్. స్విఫ్ట్ అదే వాడుతుంది. అక్కడ ఇలాంటి జంట ఎప్పటికీ పోదు, అందుకని అందులో వీక్ అనేది రోజూ వాడాల్సిన సామాను. సీప్లస్‌ప్లస్‌లో షేర్డ్ పాయింటర్ పక్కన వీక్ పాయింటర్ ఉన్నదీ ఇందుకే. పైథాన్ లెక్కపెడుతుంది, మళ్ళీ ఇలాంటి వలయాల కోసం విడిగా ఒక కలెక్టర్‌ని కూడా నడుపుతుంది. దారి వెంట నడిచే పద్ధతీ, లెక్కపెట్టే పద్ధతీ రెండూ 1960లోనే వచ్చాయి, మొదటిది లిస్ప్ కోసం జాన్ మెకార్తీ, రెండోది జార్జ్ కాలిన్స్. మీ సీనియర్ ఇంతకుముందు ఐఫోన్ యాప్‌లు రాసి ఉంటే "వలయం కనబడితే వీక్ పెట్టు" అన్న అలవాటు అక్కడిదే అయ్యుంటుంది. జావాలో వలయం కోసం వీక్ పెట్టడం అనవసరం.

జావాలో వీక్ రిఫరెన్స్ 1998లో 1.2 వెర్షన్‌తో వచ్చింది, సాఫ్ట్, ఫాంటమ్ అనే ఇద్దరు తోబుట్టువులతో. సాఫ్ట్ గురించి తర్వాత చెబుతాను. ఫాంటమ్ నీకు ఇప్పుడు అక్కర్లేదు.

ఇక నీ కోడ్. నువ్వు పెట్టిన రెండు వీక్‌హ్యాష్‌మ్యాప్‌లు చూశాను. మ్యాప్ అంటే కీ ఇస్తే దానికి జతగా దాచిన వాల్యూ ఇచ్చేది, ఈ రకం మ్యాప్ కీని వీక్‌గా పట్టుకుంటుంది. మొదటిదాంట్లో కీ ఇంటీజర్. జీఎస్టీ రాష్ట్ర కోడ్ మీద పన్ను టేబులూ, కస్టమర్ నంబరు మీద ప్రింట్ చేసే బొమ్మా, రెండూ అందులోనే పెట్టావు. ఒడిశా కోడ్ 21, ఆంధ్ర కోడ్ 37. నీ కస్టమర్ నంబర్లు 4500 దాటాయి. 21, 37 ఎంట్రీలు ఎన్ని రోజులైనా పోవట్లేదనీ, 4512 మాత్రం పెట్టిన నిమిషానికే లేదనీ రాశావు. ఇందులో దెయ్యం ఏమీ లేదు. మైనస్ 128 నుంచి 127 దాకా ఉన్న పూర్ణాంకాలని జావా ముందే ఇంటీజర్ ఆబ్జెక్టులుగా చేసి ఒక స్టాటిక్ అర్రేలో దాచుకుంటుంది. నువ్వు 21 అని రాసినప్పుడల్లా ఆ దాచుకున్నదే చేతికిస్తుంది. దాన్ని ఒక రూట్ ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది, కాబట్టి నీ ఎంట్రీ ఎప్పటికీ పోదు. 4512కి అలాంటిది లేదు. మ్యాప్‌లో పెట్టడానికి పుట్ పిలిచిన లైన్లో కొత్త ఇంటీజర్ ఆబ్జెక్ట్ పుడుతుంది, ఆ లైన్ అయిపోగానే దాన్ని గట్టిగా పట్టుకున్నవాడు ఒక్కడూ ఉండడు. తర్వాతి జీసీకి కీ పోతుంది, దాంతోపాటు నీ బొమ్మ కూడా. కోడ్‌లో కోట్స్‌లో రాసిన స్ట్రింగులు కీగా పెట్టినా 21 కథే. వెతకడానికి ఈక్వల్స్ (విలువ ఒకటేనా అని చూడటం) వాడే కీలు, అంటే నంబర్లు, స్ట్రింగులు, తేదీలు, వీక్‌హ్యాష్‌మ్యాప్‌కి పనికిరావు. ఈ ఆబ్జెక్టే కావాలి, దీనిలాంటిది వద్దు అనగలిగే కీ అయితేనే అది పనికొస్తుంది.

రెండో మ్యాప్ ఇంకా ముఖ్యం, నీ మెమరీలో ఎక్కువ భాగం తింటున్నది అదేనని నా అనుమానం. కీ కస్టమర్ ఆబ్జెక్ట్, వాల్యూ కస్టమర్ ప్యానెల్, అంటే తెర మీద ఆ కస్టమర్‌ని చూపించే భాగం. కీ సరైనదే. కానీ ప్యానెల్ క్లాసులో మొదటి ఫీల్డు ఏమిటో చూడు. ఆ కస్టమరే. వీక్‌హ్యాష్‌మ్యాప్‌లో వీక్‌గా ఉండేది కీ ఒక్కటే. వాల్యూని మ్యాప్ గట్టిగానే పట్టుకుంటుంది. మ్యాప్ స్టాటిక్. మ్యాప్ నుంచి ప్యానెల్‌కి గట్టి దారి, ప్యానెల్ నుంచి కస్టమర్‌కి గట్టి దారి. అంటే కీని బతికిస్తున్నది నీ మ్యాప్ లోపలి వాల్యూయే. కీ పోతే వాల్యూ పోతుంది, వాల్యూ పోతే కీ పోతుంది, రెండూ ఒకదాని కోసం ఒకటి కూర్చున్నాయి. ఇందాక వలయం లెక్కలేదన్నాను కదా, ఇక్కడ లెక్కే, ఎందుకంటే ఈ వలయానికి స్టాటిక్ ఫీల్డు నుంచి దారి ఉంది. వాల్యూ లోపల ఎక్కడో నాలుగు అంచెల కింద కీ ఉన్నా ఇదే ఫలితం. ఒక్కోసారి లోపలి క్లాసు బయటి ఆబ్జెక్టుని చెప్పకుండానే పట్టుకుని ఉంటుంది, అది కోడ్‌లో కంటికి కూడా కనబడదు.

కీ బతికుంటేనే వాల్యూని బతికున్నట్టు లెక్కపెట్టే జంటలు కొన్ని భాషల్లో ఉన్నాయి, వాటిని ఎఫిమెరాన్ అంటారు. జావాస్క్రిప్ట్‌లో 2015 నుంచి ఉన్న వీక్‌మ్యాప్ అలాంటిదే, సీషార్ప్‌లో కండిషనల్ వీక్ టేబుల్ అలాంటిదే. అక్కడ నీ కోడ్ సరిగ్గా పనిచేసేది. జావా వీక్‌హ్యాష్‌మ్యాప్ అలా చెయ్యదు, డాక్యుమెంటేషన్‌లో ఈ హెచ్చరిక స్పష్టంగానే రాసుంది, ఎవరూ చదవరు అంతే. నేనూ దెబ్బ తగిలాకే చదివాను.

ఇంకో చిన్న సంగతి. కీ పోయాక కూడా వాల్యూ వెంటనే పోదు. ఆ మ్యాప్‌ని మళ్ళీ ఎవరైనా ముట్టుకున్నప్పుడు, గెట్టో పుట్టో సైజో పిలిచినప్పుడు, అది తన చచ్చిన ఎంట్రీలని ఊడుస్తుంది. ఉదయం నింపి మళ్ళీ ముట్టని మ్యాప్‌లో వాల్యూలు అలాగే కూర్చుంటాయి.

మరి కస్టమర్ ప్యానెల్‌కి ఏం చెయ్యాలి? మ్యాప్ తీసెయ్యి. ప్యానెల్ అవసరం తెర మీది కస్టమర్ కిటికీ (విండో) తెరిచి ఉన్నంతసేపే, కాబట్టి అది ఆ కిటికీ సొత్తు. ప్రింట్ బొమ్మలకి వీక్ కాదు, ఒక హద్దు కావాలి. లింక్డ్‌హ్యాష్‌మ్యాప్‌ని యాక్సెస్ ఆర్డర్‌లో (చివరిసారి వాడిన వరసలో) పెట్టి, 200 దాటితే పాతది తీసెయ్యమని చెప్పు. పది లైన్ల పని. (క్యాష్ అంటే కొట్టువాళ్ళకి గల్లాపెట్టె గుర్తొస్తుంది. దీన్నీ అలాగే అనుకో, ఎంత ఉంచుకోవాలో యజమానే నిర్ణయించాలి, ఊడ్చే మనిషి కాదు.)

లిజనర్ల సంగతికి నా కథే చెబుతాను. కొన్నేళ్ళ క్రితం గుణుపురంలో ఒక జీడిపిక్కల గోడౌన్‌కి కాటా నుంచి నేరుగా బరువు తెర మీదకి వచ్చేలా ప్రోగ్రాం రాశాను. కాటా సీరియల్ కేబుల్ మీద అంకెలు పంపుతుంది, చదివే థ్రెడ్ వాటిని లిజనర్లకి చెబుతుంది, బిల్లు తెర ఒక లిజనర్. లీక్ కాకూడదని నేను తెలివిగా లిజనర్ల జాబితా మొత్తం వీక్ రిఫరెన్సులతో కట్టాను. ఇంట్లో రెండు రోజులు నడిపాను, బ్రహ్మాండంగా ఉంది. గోడౌన్లో పొద్దున్న తొమ్మిదికి మొదలుపెట్టారు. పది దాటాక ఫోను. "ఏటి బాబూ, బస్తా మారినా బరువు మారదేటి? మూడు బస్తాలూ డెబ్బైతొమ్మిది ఆరువందల యాభై అంటంది!" నేను కేబుల్ అన్నాను. నౌపడా నుంచి వచ్చే గుణుపురం రైలెక్కి వెళ్ళి కేబుల్ మార్చాను, ప్రోగ్రాం ఆపి మళ్ళీ పెట్టాను, నడిచింది. ఇంటికి చేరేలోపు మళ్ళీ ఫోను. రెండోసారి వెళ్ళి పోర్టు మార్చాను. మూడోసారి మాత్రం సామానేమీ పట్టుకెళ్ళలేదు. గోడౌన్లో ఒక బస్తా మీద కూర్చుని జీసీ లాగ్ (జీసీ జరిగినప్పుడల్లా ఒక లైన్ రాసే చిట్టా) ఆన్ చేసి, లాగ్‌నీ తెరనీ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ ఉన్నాను. 10 గంటల 40 నిమిషాలకి లాగ్‌లో ఒక చిన్న యంగ్ కలెక్షన్ (కొత్త ఆబ్జెక్టులు పుట్టే చోటుని ఊడ్చడం) లైన్ పడింది. అదే క్షణంలో తెర మీద బరువు బిగుసుకుపోయింది. కాటా మీద అంకె మారుతోంది, తెర మీద మారట్లేదు.

నేను లిజనర్‌ని లాంబ్డాగా, అంటే పేరు లేని చిన్న ఫంక్షన్‌గా, రాశాను. ఆ లాంబ్డా బిల్లు తెరని పట్టుకుంది. నేనేమో తెర బతికే ఉంది కదా, లాంబ్డా కూడా ఉంటుంది అనుకున్నాను. దారి ఆ వైపు లేదు. లాంబ్డా నుంచి తెరకి దారి ఉంది, తెర నుంచి లాంబ్డాకి లేదు. లాంబ్డాని పట్టుకున్నది నా వీక్ జాబితా ఒక్కటే, అంటే ఎవరూ పట్టుకోలేదు. ఇంట్లో బిల్లులు కొట్టేవాళ్ళు లేరు కాబట్టి కొత్త ఆబ్జెక్టులు పుట్టే చోటు నిండలేదు, రెండు రోజులూ కలెక్షన్ జరగలేదు. గోడౌన్లో గంటన్నరకే నిండింది. కేబుల్ డబ్బులు నేనే పెట్టుకున్నాను.

నీ స్టాక్ తెర జబ్బు నూటికి తొంభై పాళ్ళు ఇదే. పైగా బయటి వేరియబుల్ ఏదీ వాడని లాంబ్డాని జేవీఎం (జావా ప్రోగ్రాంని నడిపే యంత్రాంగం) సాధారణంగా ఒక్కసారే చేసి దాచుకుంటుంది, అది పోదు. అందుకే నీకు కొన్ని లిజనర్లు పనిచేస్తూ కొన్ని ఆగిపోతున్నాయి, తర్కం దొరకడం లేదు. తక్షణ వైద్యం కావాలంటే లాంబ్డాని తెర క్లాసులో ఒక ఫీల్డుగా దాచు, అప్పుడు తెర ఉన్నంతకాలం అదీ ఉంటుంది. అసలు వైద్యం మాత్రం వీక్ తీసేసి, తెర కనబడినప్పుడు లిజనర్ చేర్చడం, మూసినప్పుడు తీసెయ్యడం. స్వింగ్‌లో యాడ్‌నోటిఫై, రిమూవ్‌నోటిఫై అనే మెథడ్లు దీనికి సరిగ్గా సరిపోతాయి. చేర్చిన చోటే తీసే లైన్ కూడా రాసెయ్యాలి. మర్చిపోతామన్న భయంతో వీక్ పెడితే, ఆ మరుపు ఎప్పుడు బయటపడాలో జీసీ నిర్ణయిస్తుంది.

నీ కోడ్‌లో ఇంకోటి కనబడింది. రిఫరెన్స్ మీద గెట్ పిలిచి నల్ కాదని చూసి, తర్వాతి లైన్లో మళ్ళీ గెట్ పిలిచి వాడుతున్నావు. ఆ రెండు లైన్ల మధ్య జీసీ జరగొచ్చు. ఒకసారే పిలిచి లోకల్ వేరియబుల్‌లో పెట్టుకో, ఆ వేరియబుల్ గట్టి తువ్వాలు, వాడేదాకా ఆపుతుంది. ఏడాదికోసారి వచ్చి ఎవరికీ దొరకని నల్ పాయింటర్లు ఇలాంటివే.

సిస్టమ్ డాట్ జీసీ థ్రెడ్ ఈ రోజే తీసెయ్యి. అది జేవీఎంకి మనవి మాత్రమే, ఆజ్ఞ కాదు. మన్నించినా, మామూలుగా హీప్ మొత్తం వెతికే పూర్తి కలెక్షన్ జరుగుతుంది, బిల్లు కొట్టేవాడి ముందు తెర ఆగుతుంది. దారి ఉన్న ఆబ్జెక్టుని వెయ్యిసార్లు జీసీ చేసినా తియ్యలేదు. పైగా నీ లిజనర్లని పది నిమిషాలకోసారి క్రమం తప్పకుండా చంపుతున్నది ఆ థ్రెడ్డే.

సాఫ్ట్ రిఫరెన్స్ పెట్టనా అని కూడా అడిగావు. మెమరీ అయిపోతుందనగా వదిలే రిఫరెన్స్ అది. అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ వేసే ముందు సాఫ్ట్‌గా మాత్రమే అందేవన్నీ తీసేస్తానని జావా హామీ ఇస్తుంది. హాట్‌స్పాట్‌లో, అంటే మామూలుగా వాడే జేవీఎంలో, డిఫాల్ట్ లెక్క ఏమిటంటే, ఖాళీగా ఉన్న హీప్‌లో ఒక్కో మెగాబైటుకి ఒక సెకను చొప్పున, చివరిసారి వాడినప్పటి నుంచి ఆగుతుంది. 300 ఎంబీ ఖాళీ ఉంటే అయిదు నిమిషాలు. వినడానికి బాగుంటుంది, వాడితే మాత్రం హీప్ ఎప్పుడూ నిండుగా కనబడుతూ, అసలు లీక్ ఉందో లేదో తెలియకుండా చేస్తుంది. నేను వాడను.

లీక్‌ని కళ్ళతో చూడకుండా మందు వెయ్యకు. కొట్టు కంప్యూటర్లో కాకుండా నీ దగ్గర ఇలా చెయ్యి. ప్రోగ్రాం మొదలుపెట్టి, జేమ్యాప్ అనే జావా పనిముట్టుతో లైవ్ హిస్టోగ్రామ్ (ఏ క్లాసువి ఎన్ని ఆబ్జెక్టులు బతికున్నాయో చూపే జాబితా) తీసి పక్కన పెట్టుకో. కస్టమర్ కిటికీ ఇరవైసార్లు తెరిచి మూసి, మళ్ళీ తియ్యి. ఏ క్లాసు సంఖ్య సరిగ్గా ఇరవై పెరిగిందో అదే దొంగ. తర్వాత హీప్ డంప్ (హీప్ మొత్తానికి నకలు) తీసి ఎక్లిప్స్ మెమరీ అనలైజర్లో తెరిచి, ఆ క్లాసు ఆబ్జెక్ట్ ఒకదాని మీద రైట్ క్లిక్ చేసి జీసీ రూట్లకి దారి చూపించమను, వీక్, సాఫ్ట్ రిఫరెన్సులు వదిలెయ్యమని చెప్పడం మర్చిపోకు. తువ్వాలు ఎవరిదో పేరుతో సహా కనబడుతుంది.

నా పందెం ఏమిటంటే, నీ వీక్ మ్యాప్ కాకుండా ఇంకో ఇద్దరు దొరుకుతారు. ఒకటి, జేఫ్రేమ్, అంటే స్వింగ్ కిటికీ. దాని అడ్డగుర్తు నొక్కితే డిఫాల్ట్‌గా అది దాక్కుంటుంది, చావదు. ఆపరేటింగ్ సిస్టమ్ వైపు ముడి అలాగే ఉంటుంది. డిస్పోజ్ పిలవాలి. రెండు, స్వింగ్ టైమర్. స్టాక్ తెరలో సెకనుకోసారి తిరిగే టైమర్ ఉందన్నావు, స్టాప్ పిలవడం నీ కోడ్‌లో ఎక్కడా లేదు. తిరుగుతున్న టైమర్ తన లిజనర్‌ని, ఆ లిజనర్ తెరని పట్టుకుని ఉంటాయి. ఇరవై తెరలు మూసినా వెనకాల ఇరవై టైమర్లు తిరుగుతూనే ఉంటాయి.

వీక్ రిఫరెన్స్ అసలు ఎందుకూ పనికిరాదని కాదు. వేరేవాడి ఆబ్జెక్టుకి నువ్వు నీ చీటీ ఒకటి అంటించాలి, ఆ ఆబ్జెక్ట్ పోతే చీటీ కూడా పోవాలి, అక్కడ అది బంగారం. ఆండ్రాయిడ్‌లో లీక్‌కెనరీ అనే పనిముట్టు మూసేసిన తెరని వీక్ రిఫరెన్స్‌తో గమనిస్తూ, కొంతసేపటికి కూడా అది నల్ కాకపోతే లీక్ అని అరుస్తుంది. తను గమనించడం వల్లే తెర బతికిపోకూడదు కదా, అందుకే వీక్. జావా లాగింగ్‌లో లాగర్లని మేనేజర్ వీక్‌గానే పట్టుకోవచ్చు, కాబట్టి లెవెల్ సెట్ చేసి లాగర్‌ని నువ్వు ఫీల్డులో దాచకపోతే ఆ సెట్టింగ్ ఆవిరైపోవచ్చు, ఇది కూడా తెలిసుంటే మంచిది.

కింద కామెంట్లలో ఒకరు పైథాన్‌లో ఇంటీజర్‌కి వీక్ రిఫరెన్స్ పెడితే టైప్ ఎర్రర్ వస్తోందన్నారు. వస్తుంది. అక్కడ ఇంటీజర్, స్ట్రింగ్, టపుల్‌లకి పెట్టనివ్వరు, మామూలు లిస్టుకీ డిక్షనరీకీ కూడా కుదరదు. మీ సొంత క్లాసులకి కుదురుతుంది. క్లాసులో స్లాట్స్ వాడితే మాత్రం వీక్‌రెఫ్ పేరు కూడా అందులో చేర్చాలి. ఆబ్జెక్ట్ మెథడ్‌కి పెట్టాలంటే మామూలు వీక్ రిఫరెన్స్ పుట్టగానే చచ్చిపోతుంది, వీక్‌మెథడ్ వాడండి.

తమ్ముడూ, ఈ రాత్రి జీసీ థ్రెడ్ తీసేసి, డిస్పోజ్, స్టాప్ పెట్టి, ఇరవైసార్ల పరీక్ష చెయ్యి. ముందూ వెనకా హిస్టోగ్రామ్‌లలో పై పదిహేను లైన్లు ఇక్కడ అతికించు. రేపు పగలు నేను గుణుపురంలో ఉంటాను, సాయంత్రం బండి దిగాక చూసి రాస్తాను.